రికార్డు గది నుండి సర్వరు దాకా



"ఫైలు" అనే మాటతో మన తరం ఉద్యోగులకు ఉన్నంత అనుబంధం మరే మాటతోనూ లేదేమో. ముప్పై, ముప్పై అయిదేళ్లు మనం ఫైళ్లు కట్టాం, విప్పాం, వెదికాం, పై అధికారికి పెట్టాం. సంతకం కాకుండా తిరిగివస్తే మళ్లీ పెట్టాం. పదవీ విరమణ నాడు దండవేసి, శాలువ కప్పి పంపాక ఇక ఫైలుతో పనిలేదనుకున్నాం. కాని మన పింఛను ఒక ఫైలు. మన తరువాత మన ఇల్లాలికి రావలసిన కుటుంబ పింఛనూ ఒక ఫైలే. ఫైలు మనల్ని వదలలేదు. మనం దానిని వదలడానికి వీలూ లేదు.

శ్రీనగర్ కాలనీలోని మన సంఘం గదిలో గత సంవత్సరం ఒక పాత కంప్యూటరును "ఫైల్ షేరింగ్ సర్వర్"గా మార్చిన సంగతి సభ్యులకు తెలిసినదే. దానిలో ఏమి ఉండాలి, దానిని ఎవరు చూడాలి అనే విషయం రాబోయే సర్వసభ్య సమావేశంలో చర్చకు వస్తున్నది. "మనలో మనకు దాపరికం ఏమిటి, అందరికీ అన్నీ తెరిచిపెట్టండి" అని కొందరు మిత్రుల వాదన. "అసలు ఆ పెట్టే వద్దు, బీరువా చాలు" అని మరికొందరి వాదన. నా ఉద్దేశంలో ఈ రెండు వాదనలకూ సమాధానం మన పాత కార్యాలయాల చరిత్రలోనే ఉన్నది. ఆ చరిత్రను నాకు తెలిసినంతలో మీ ముందుంచుతాను.

టాటెన్‌హామ్ దొర పద్ధతి

పూర్వపు మద్రాసు రాష్ట్రపు జిల్లాలలో పనిచేసిన వారికి "టాటెన్‌హామ్ పద్ధతి" అన్న మాట గుర్తుండే ఉంటుంది. 20వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో టాటెన్‌హామ్ అనే ఐ.సి.ఎస్. అధికారి కలెక్టరు కచేరీలలో కాగితాల నిర్వహణకు ఒక క్రమం ఏర్పరచాడు. తపాలాలో వచ్చిన ప్రతి కాగితానికీ ఒక కరెంటు నంబరు. అది ఏ గుమాస్తాకు చేరిందో డిస్ట్రిబ్యూషన్ రిజిస్టరులో నమోదు. ఆ గుమాస్తా దగ్గర ఒక పర్సనల్ రిజిస్టరు. నోట్ ఫైలు వేరు, కరెంటు ఫైలు వేరు. పని ముగిశాక కాగితానికి ఒక "డిస్" వేసి రికార్డు గదికి పంపేవాళ్లం. "ఆర్. డిస్." అంటే శాశ్వతంగా ఉంచవలసినది. "డి. డిస్." అంటే పదేళ్లు ఉంచి తీసివేయదగినది. "ఎల్. డిస్." అంటే అంతకంటె తొందరగా పోయేది.

రికార్డు గదిలో ఇంకొక చిన్న మర్యాద ఉండేది. కట్టలో నుండి ఒక ఫైలు బయటికి తీస్తే, దాని స్థానంలో ఒక చీటీ పెట్టాలి: ఫలానా ఫైలు, ఫలానా తేదీన, ఫలానా సెక్షన్ గుమాస్తా తీసుకున్నాడు అని. రెండవ వాడు వెదుక్కుంటూ వస్తే ఫైలు దొరకదు గాని చీటీ దొరుకుతుంది. ఆ చీటీ లేకపోతే ఫైలు పోయినట్లే లెక్క. ఈ చీటీ సంగతి మరచిపోకండి, ముందు ముందు పనికి వస్తుంది.

అంటే ఏ కాగితం ఎక్కడున్నది, ఎవరి చేతిలో ఉన్నది, ఎంతకాలం ఉండాలి అనే మూడు ప్రశ్నలకు ఆ పద్ధతి జవాబు చెప్పింది. ఇక నాలుగవ ప్రశ్న, "ఎవరు చూడవచ్చు?" అన్నది. దానికి జవాబు నేను పనిచేసిన రిజిస్ట్రేషను శాఖలో దొరికింది.

1908 నాటి తలుపులు

నేను 1973లో గుంటూరు జిల్లాలో ఎల్.డి.సి.గా చేరాను. మొదటి పని దస్తావేజులను రిజిస్టరు పుస్తకంలోకి చేతితో ఎత్తి రాయడం. ఒకరు రాస్తే, ఇద్దరు కూర్చుని ఒకరు చదువుతుండగా మరొకరు సరిచూసేవారు. చేతిరాత బాగుంటే బ్రతుకంతా రాతే అని పెద్దలు పరిహాసమాడేవారు. ఆ రోజుల్లో మా హెడ్ క్లర్కు గారు కొత్తవాళ్లకు చట్టం నేర్పేటప్పుడు 57వ సెక్షన్‌తో మొదలుపెట్టేవారు. ఎందుకో అప్పట్లో తెలియలేదు.

1908వ సంవత్సరపు రిజిస్ట్రేషను చట్టం 1909 జనవరి 1న అమలులోకి వచ్చింది. దాని 51వ సెక్షను ప్రకారం కార్యాలయంలో వేరువేరు పుస్తకాలు ఉండాలి. ఇళ్లు, పొలాల వంటి స్థిరాస్తుల దస్తావేజులు 1వ పుస్తకంలో. రిజిస్ట్రేషను నిరాకరించిన కారణాలు 2వ పుస్తకంలో. వీలునామాలు 3వ పుస్తకంలో. మిగిలిన దస్తావేజులు 4వ పుస్తకంలో. అన్నీ ఒకే గదిలో, ఒకే అధికారి సంరక్షణలో ఉంటాయి. కాని అన్నింటికీ ఒకే తలుపు కాదు.

57వ సెక్షను ఏమంటుందో చూడండి. రుసుము చెల్లించిన ఎవరైనా సరే 1, 2 పుస్తకాలను, 1వ పుస్తకపు ఇండెక్సులను చూడవచ్చు, నకలు పొందవచ్చు. పొలం కొనేవాడికి ఆ పొలం మీద తాకట్టు ఉన్నదో లేదో తెలియాలి గదా! 3వ పుస్తకంలోని వీలునామా నకలు మాత్రం రాసినవారు బ్రతికి ఉన్నంతకాలం వారికో, వారి ఏజెంటుకో తప్ప ఇంకొకరికి ఇవ్వకూడదు. వారు గతించిన తరువాత అడిగిన ఎవరికైనా ఇవ్వవచ్చు. 4వ పుస్తకంలోనివి ఆ దస్తావేజుతో సంబంధమున్న వారికి, వారి ఏజెంటుకు, ప్రతినిధికి మాత్రమే. పైగా 3, 4 పుస్తకాలలో వెదికే పనిని రిజిస్టరింగు అధికారి స్వయంగా చేయాలి. అడిగినవాడికి పుస్తకం అప్పగించకూడదు.

కంప్యూటరు అన్న మాట పుట్టకముందే, ఒకే గదిలోని పుస్తకాలకు ఇన్ని రకాల అనుమతులు రాసిపెట్టారు. తండ్రి వీలునామా ఆయన బ్రతికుండగానే కొడుకుల చేతిలో పడితే ఆ ఇల్లు ఏమవుతుందో చట్టం రాసినవారికి తెలుసు. పొలం తాకట్టు సంగతి దాచితే కొన్నవాడి గతి ఏమవుతుందో కూడా వారికి తెలుసు. అందుకే ఒకదానిని తెరిచారు, ఒకదానిని మూశారు. రెండూ ప్రజల మేలుకే.

నీళ్లు, నిప్పు, కాలం

అదే చట్టం 16వ సెక్షనులో మరొక ముచ్చట ఉన్నది. ప్రతి రిజిస్ట్రారు కార్యాలయానికి ప్రభుత్వం అగ్నికి చెక్కుచెదరని పెట్టె సరఫరా చేయాలి, జిల్లాలో రికార్డుల భద్రతకు తగిన ఏర్పాటు చేయాలి అని. పెట్టె నిప్పును ఆపుతుంది. నీళ్ల సంగతి?

1977 నవంబరు 19 నాటి ఉప్పెనను కృష్ణా, గుంటూరు జిల్లాలవారు మరచిపోలేరు. ఆ తరువాత నన్నూ, మరి ఇద్దరినీ తీరప్రాంతంలోని ఒక కార్యాలయానికి పంపారు. తడిసిన పుస్తకాలను ఒక్కొక్క పుట విడదీసి, మధ్య మధ్య అద్దుడు కాగితం పెట్టి, నీడలో ఆరబెట్టాం. ఎండలో పెడితే పుట వంకర తిరిగి విరిగిపోతుంది. సిరా పారిపోయిన చోట్ల అక్షరం అక్షరం ఊహించకూడదు, చదవగలిగినంతే చదవాలి. ఊళ్లలో మనుషులనే పోగొట్టుకున్నవారు, కొన్నాళ్లకు తమ పొలం కాగితం మిగిలిందా అని అడగడానికి వచ్చేవారు. పోయిన మనిషి రాడు, కనీసం ఆయన సంపాదించిన అర ఎకరం పిల్లలకు నిలబడాలని వారి ఆరాటం. ఒకే ప్రతి, ఒకే గదిలో ఉంటే ఏమవుతుందో నేను అక్కడ నేర్చుకున్నాను.

మన కాలనీ పొరుగునే సినిమా పరిశ్రమ ఉన్నది గనుక ఆ ఉదాహరణ కూడా చెబుతాను. తొలి తెలుగు టాకీ "భక్త ప్రహ్లాద" 1932లో విడుదలయింది. హెచ్.ఎం. రెడ్డి గారు తీశారు. ఈనాడు దానిని చూద్దామంటే ప్రతి లేదు. ఒక జాతి మొదటి మాటల చిత్రమే మిగలకపోతే, మన సంఘం సభ్యుని పి.పి.ఓ. నకలు ఎంతపాటి?

తీగ మీద నడిచిన ఫైలు

ఇప్పుడు కంప్యూటర్ల వైపు వద్దాం. మొదట్లో ప్రతి కంప్యూటరూ ఒక తాళం వేసిన బీరువా వంటిదే. దానిలోనిది మరొకదానికి కావాలంటే ఫ్లాపీలో ఎక్కించుకుని నడిచి వెళ్లాలి. అంటే ఫైలు మోసే బంట్రోతు ఉద్యోగం మనదే. 1973లో అమెరికాలోని జిరాక్స్ సంస్థ పరిశోధనశాలలో రాబర్ట్ మెట్‌కాఫ్, డేవిడ్ బాగ్స్ అనే వారు ఒకే భవనంలోని యంత్రాలను తీగతో కలిపే "ఈథర్‌నెట్" పద్ధతిని రూపొందించారు. నేను చేతితో దస్తావేజులు ఎత్తిరాయడం మొదలుపెట్టిన సంవత్సరమే అది. ఇలా ఒక కార్యాలయం వరకే కలిపిన తీగల అల్లికను "లోకల్ నెట్‌వర్క్" అంటారు.

తీగ వేసినంత మాత్రాన చాలదు. రెండు యంత్రాలూ ఒకే భాష మాట్లాడాలి. "ఫలానా ఫైలు తెరువు, ఇంత చదువు, ఇక మూసివేయి" అని చెప్పుకునే భాష ఒకటి 1980ల తొలి సంవత్సరాలలో ఐ.బి.ఎం. సంస్థలో బ్యారీ ఫైగెన్‌బామ్ రూపొందించాడు. దాని పేరు ఎస్.ఎం.బి. తరువాత మైక్రోసాఫ్ట్ సంస్థ దానిని స్వీకరించి పెంచింది. ఇప్పటికీ విండోస్ కంప్యూటర్లు ఫైళ్లు పంచుకునేది ఆ భాషలోనే.

ఇక్కడ ఒక విద్యార్థి కథ ఉన్నది. 1991 చివర ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో పరిశోధన చేస్తున్న ఆండ్రూ ట్రిడ్జెల్ తన చిన్న కంప్యూటరును విశ్వవిద్యాలయపు పెద్ద కంప్యూటరుతో ఫైళ్ల కోసం కలపాలనుకున్నాడు. ఆ భాష వ్యాకరణం ఎవరూ అతనికి చెప్పలేదు. తీగ మీద ఏ ప్రశ్నకు ఏ జవాబు వెళుతున్నదో గమనించి, దానిని బట్టి తానే ఒక సర్వరు రాశాడు. పరాయి దేశపు హోటల్లో కూర్చుని, ఎవరు ఏమి అడిగితే సర్వరు ఏమి తెచ్చి పెడుతున్నాడో చూసి భాష నేర్చుకున్నట్లు అని ఆయనే పోలిక చెప్పాడు. 1992లో దానిని అందరికీ ఉచితంగా ఇచ్చివేశాడు. మొదట పెట్టిన పేరు వేరొకరి వ్యాపార నామం కావడంతో, ఎస్, ఎం, బి అక్షరాలు వరుసగా వచ్చే మాట కోసం నిఘంటువు వెదికితే "సాంబా" దొరికింది. మనవాళ్లకు అది సాంబయ్య గారిని తలపించడం మన అదృష్టం.

తరువాత యూరపులో పెద్ద వ్యాజ్యం నడిచింది. తన సర్వర్ల భాషను ఇతరులకు తెలియజేయాలని యూరోపియన్ కమిషన్ 2004లో మైక్రోసాఫ్ట్‌ను ఆదేశించింది. 2007 సెప్టెంబరు 17న న్యాయస్థానం దానిని సమర్థించింది. ఆ సంవత్సరం డిసెంబరులో 10,000 యూరోల ఒకసారి చెల్లింపుతో సాంబా బృందానికి ఆ వివరాలన్నీ అందాయి. ఒక విద్యార్థి తీగ దగ్గర చెవి పెట్టి విన్నది పదిహేనేళ్లకు కాగితం మీద అధికారికంగా చేతికి వచ్చింది.

మన రాష్ట్రంలో

మన రాష్ట్రంలో కార్యాలయపు తీగల అల్లిక సామాన్య ప్రజల పనికి వచ్చిన తొలి పెద్ద సందర్భాలలో ఒకటి మా శాఖలోనే జరిగింది. "కార్డ్" అనే ఆ ప్రణాళిక 1998 నవంబరు 4న ప్రారంభమయింది. జె. సత్యనారాయణ గారు సారథ్యం వహించగా, జాతీయ సమాచార విజ్ఞాన కేంద్రం ప్రోగ్రాములు రాసింది. 214 సబ్ రిజిస్ట్రారు కార్యాలయాలు దాని పరిధిలోకి వచ్చాయి. ఒక్కొక్క కార్యాలయంలో ఒక సర్వరు, దానికి తీగలతో కలిపిన కంప్యూటర్లు. మార్కెట్టు విలువ కట్టడం, స్టాంపు సుంకం లెక్క, దస్తావేజును స్కాను చేయడం, ఇండెక్సు రాయడం, అన్నీ ఆ సర్వరులోని ఒకే లెక్క మీద ఆధారపడ్డాయి.

దానికి ముందు చేయవలసిన పని ఎంతో చాలామందికి తెలియదు. 15 ఏళ్ల ఇండెక్సులను, అంటే 1983 నుండి ఉన్నవాటిని, టైపు చేయించి కంప్యూటరులోకి ఎక్కించారు. ఆ సరిచూసే పనిలో నేనూ ఉన్నాను. ఒకరు చదవడం, ఒకరు చూడటం: 1973లో నేర్చుకున్నదే 1998లో చేశాను. పుస్తకం స్థానంలో తెర వచ్చింది, అంతే. అంతకు ముందు ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్టు కోసం పుస్తకాలు దించి రోజులు వెదికేవాళ్లం. ఆ తరువాత అది నిమిషాల పని అయింది. ఎత్తిరాసే ఉద్యోగం పోతుందని భయపడిన గుమాస్తాలు, చూస్తుండగానే మౌసు పట్టుకున్నారు.

మరుసటి సంవత్సరం, 1999 డిసెంబరులో, మన కాలనీకి ఆనుకునే ఉన్న బంజారాహిల్స్‌లో "ట్విన్స్" కేంద్రం వచ్చింది. కరెంటు బిల్లు, నీటి బిల్లు, పన్ను, ఒకే కిటికీ దగ్గర కట్టవచ్చు. 2001 ఆగస్టులో అది "ఈ-సేవ"గా విస్తరించింది. ఒక్కొక్క శాఖ తన పుస్తకాన్ని తన దగ్గరే ఉంచుకుని, కావలసినంత మేరకే ఆ కిటికీకి చూపడం వల్ల అది సాధ్యపడింది. పంచుకోవడమంటే పుస్తకం ఇచ్చివేయడం కాదని ఇక్కడ కూడా రుజువయింది.

2017 మే నెల పాఠం

అంతా మంచే అని చెబితే అది చరిత్ర కాదు, ప్రకటన అవుతుంది. 2017 మే 12న "వాన్నాక్రై" అనే దుష్ట ప్రోగ్రాము ప్రపంచమంతా వ్యాపించింది. పైన చెప్పిన ఎస్.ఎం.బి. భాష మొదటి రూపాన్ని విండోస్ యంత్రాలు నడిపే తీరులో ఉన్న లోపం దానికి దారి చూపింది. ఒక కంప్యూటరులో దూరి, తీగ వెంట పక్కదానిలోకి పాకి, ఫైళ్లన్నింటికీ తాళం వేసి, తాళంచెవికి డబ్బు అడిగింది. బ్రిటన్‌లో ఆసుపత్రులు ఇబ్బంది పడ్డాయి. మన దగ్గర ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. ఆ లోపానికి మందు అంతకు రెండు నెలల ముందే, మార్చి 14న, మైక్రోసాఫ్ట్ విడుదల చేసింది. మందు వేసుకున్న యంత్రాలను ఆ దారిన అది తాకలేకపోయింది.

బీరువాకు చెదలు పడుతుందని బీరువా మానేశామా? నాఫ్తలీన్ ఉండలు వేశాం, ఏడాదికొకసారి కట్టలు దులిపాం. సర్వరుకూ అదే వర్తిస్తుంది.

మన సర్వరు ఎలా పనిచేస్తుంది

సభ్యులలో ఒకరి మనుమడు, ఇంజనీరింగు విద్యార్థి, ఆదివారాలు వచ్చి మన పాత కంప్యూటరులో లినక్స్, దానిపైన సాంబా వేసి ఇచ్చాడు. రెండింటికీ ఖరీదు లేదు. "తాతగారూ, మీరు నియమాలు చెప్పండి, నేను టైపు చేస్తాను" అన్నాడు. ఆ నియమాలు మన భాషలో ఇవి:

మొదటిది, చిరునామా. సర్వరుకు 192.168తో మొదలయ్యే ఒక స్థిరమైన సంఖ్య ఇచ్చాం. అది ఆఫీసు ఇంటర్‌కం నంబరు వంటిది. గదిలోని యంత్రాలకే పనిచేస్తుంది. దానిని బయటి ఇంటర్నెట్‌కు తెరవలేదు, తెరవకూడదు కూడా.

రెండవది, అరలు. సాంబాకు ఒకే ఒక నియమావళి ఫైలు ఉంటుంది. దానిలో ఒక్కొక్క అరకు ఒక శీర్షిక, ఆ అర ఎక్కడున్నదో, ఎవరెవరు రావచ్చో, వారిలో ఎవరు రాయవచ్చో వరుసగా రాయాలి. జి.ఓ.లు, సర్క్యులర్లు, దరఖాస్తు నమూనాలు, పాత సంచికలు ఒక అరలో పెట్టాం. సభ్యులందరూ చదవవచ్చు, ఇద్దరు మాత్రమే చేర్చవచ్చు, మార్చవచ్చు. ఇది మన 1వ పుస్తకం. సభ్యుల పి.పి.ఓ. నకళ్లు, నామినేషన్లు, బ్యాంకు వివరాలు మరొక అరలో ఉన్నాయి. పింఛను సహాయ విభాగంలోని నలుగురికే ప్రవేశం. ఇది మన 3, 4 పుస్తకాలు. "అతిథి" పేరుతో సంకేతపదం లేకుండా ఎవరూ రాకుండా ఆ తలుపు మూసేశాం.

మూడవది, మనుషులు. ప్రతి వారికీ విడివిడి పేరు, విడివిడి సంకేతపదం. నలుగురికీ ఒకే సంకేతపదం ఉంటే, రిజిస్టరులో నలుగురూ ఒకే సంతకం పెట్టినట్లే. ఇక్కడ ఒక మెలిక ఉన్నది. సాంబా ఇచ్చే అనుమతి ఒకటి, లినక్స్ ఆ ఫైలు మీద ఉంచిన అనుమతి మరొకటి. గది తాళం, బీరువా తాళం అన్నమాట. రెండూ తెరుచుకుంటేనే ఫైలు చేతికి వస్తుంది. "నా పేరు జాబితాలో ఉన్నా రాయనివ్వడం లేదేమిటి?" అని ఎవరైనా అడిగితే, ముందు చూడవలసింది ఈ రెండవ తాళమే.

నాలుగవది, చీటీ. ఒకరు ఒక ఫైలు తెరిచి రాస్తుండగా రెండవ వారు తెరిస్తే, "ఫలానా వారు వాడుతున్నారు, మీరు చదవవచ్చు" అని వస్తుంది. రికార్డు గదిలోని మన పాత చీటీయే! ఎవరు ఎప్పుడు ఏది తెరిచారో, తీసివేశారో రాసే ఏర్పాటు కూడా సాంబాలో ఉన్నది. దానిని పనిలో పెట్టాం. తీసివేసినది వెంటనే పోకుండా ఒక చెత్తబుట్టలో ఉండేటట్లు కూడా చేశాం.

అయిదవది, పాత భాష నిషేధం. 2017 నాటి గండం తెచ్చిన ఎస్.ఎం.బి. మొదటి రూపంలో ఎవరు మాట్లాడినా సర్వరు బదులివ్వదు. 2019లో వచ్చిన 4.11 నుండి సాంబా తనంతట తానే అలా నడుస్తున్నది.

ఆరవది, రెండవ ప్రతి. ప్రతి శనివారం మొత్తం ఒక విడి డిస్కులోకి ఎక్కించి, తీగ తీసివేసి, కోశాధికారి గారి ఇంట్లో ఉంచుతున్నాం. ఒకే పెట్టెలో రెండు డిస్కులు పెట్టి ఊరుకుంటే చాలదు. నీళ్లు వచ్చినా, దుష్ట ప్రోగ్రాము వచ్చినా రెండూ కలిసే పోతాయి. మూడు నెలలకొకసారి ఆ ప్రతి నుండి పది ఫైళ్లు తెరిచి సరిచూస్తున్నాం. ఒకరు చదవడం, ఒకరు చూడటం.

ఎవరికి ఎంత

ఇక అసలు వివాదం. అంతా అందరికీ తెరవాలనే మిత్రుల మాటలో బలమున్నది. దానికి కారణం నాకు తెలుసు. కొన్నేళ్ల క్రితం ఒక సభ్యుడు గతించారు. పి.పి.ఓ.లో ఆయన భార్య పేరు ఒక విధంగా, ఆధార్‌లో మరొక విధంగా ఉన్నది. ఇద్దరూ ఒకరే అని చూపే పాత నామినేషను నకలు ఆయన సంఘానికి ఇచ్చి ఉన్నారు. కాని ఆ కాగితాలున్న బీరువా తాళంచెవి అప్పట్లో ఒక్కరి దగ్గరే ఉండేది. వారు పిల్లల దగ్గరకు అమెరికా వెళ్లారు. ఆ కాగితం బయటపడటానికి ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలలు ఆమె గాజులు తాకట్టు పెట్టి మందులు కొనుక్కున్నదని తరువాత తెలిసింది. కాగితం ఉన్నది, కాని ఉన్నా లేనట్లే. "తాళం ఒక్కరి చేతిలో వద్దు" అని మిత్రులు అనడంలో న్యాయమున్నది.

అయితే రెండవ సంగతి కూడా వినండి. మన సభ్యుల జాబితా ఒకటి, ఫోను నంబర్లు, పి.పి.ఓ. నంబర్లతో సహా, వాట్సాప్‌లో చేతులు మారింది. మంచి ఉద్దేశంతోనే ఎవరో పంపారు. కొన్నాళ్లకు ఒక సభ్యునికి ఫోను వచ్చింది. పేరు, పనిచేసిన శాఖ, పి.పి.ఓ. నంబరు అన్నీ సరిగా చెప్పి, "మీ లైఫ్ సర్టిఫికెట్టు అందలేదు, పింఛను ఆగిపోతుంది, ఇప్పుడు వచ్చిన ఓ.టి.పి. చెప్పండి" అన్నారు. ఆయన చెప్పారు. ఖాతాలో ఉన్నది పోయింది. ఆ జాబితా వల్లనే ఇది జరిగిందని నేను రుజువు చేయలేను. కాని అంత వివరంగా చెప్పినవాడిని మోసగాడని డెబ్బై ఏళ్ల మనిషి ఎలా అనుమానిస్తాడు?

కాబట్టి ఒక్కరికే తాళం ఇస్తే గాజులు పోతాయి. అందరికీ తాళం ఇస్తే ఖాతా పోతుంది. రెంటి మధ్య దారి 1908లోనే వేశారు: ఎవరికి ఏది, ఎంతవరకు, ఏ షరతు మీద అన్నది ముందే రాసిపెట్టడం. మన దేశంలో 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా, మనుషుల వివరాలు ఏ పనికోసం తీసుకున్నారో ఆ పనికే వాడాలనే సూత్రం మీద నిలబడింది. మన హెడ్ క్లర్కు గారు 57వ సెక్షన్‌తో పాఠం ఎందుకు మొదలుపెట్టేవారో నాకు ఇన్నాళ్లకు తెలిసింది. పుస్తకం ఎలా రాయాలో ఎవరైనా నేర్చుకుంటారు. ఏ పుస్తకం ఎవరికి చూపాలో తెలిసినవాడే గుమాస్తా.

సమావేశంలో నేను ప్రతిపాదించబోయే తీర్మానం ఇది. పింఛను కాగితాల అర నలుగురికే ఉండాలి. ఆ నలుగురి పేర్లు సంచికలో ప్రకటించాలి. రెండేళ్లకొకసారి వారిని మార్చాలి. సభ్యుడు గానీ, ఆయన భార్య గానీ వచ్చి అడిగితే వారి కాగితం అదే రోజు నకలు తీసి ఇవ్వాలి. ఎవరైనా ఆ అర తెరచిన ప్రతిసారీ ఎవరు, ఎప్పుడు అన్నది నెలకొకసారి కార్యవర్గం ముందుంచాలి. సర్వరు ముఖ్య సంకేతపదాన్ని ఒక కవరులో పెట్టి, లక్కతో సీలు వేసి, అధ్యక్షుల వద్ద ఉంచాలి. సభ్యుడు మరణించిన నాడు ఆయన భార్య వచ్చేవరకు ఆగకుండా, ఆ నలుగురిలో ఒకరు ఆ కాగితాలు తీసుకుని వారి ఇంటికి వెళ్లాలి.

ఈ చివరి మాట సాంబాలో రాయడానికి వీలుకాదని ఆ అబ్బాయి చెప్పాడు. అది మన తీర్మానం పుస్తకంలో రాసుకుందాం. సభ్యులందరూ తప్పక హాజరై తమ అభిప్రాయం తెలియజేయవలసిందిగా ప్రార్థన. వచ్చేటప్పుడు మీ పి.పి.ఓ. నకలు, మీ ఇల్లాలి ఆధార్ నకలు పక్కపక్కన పెట్టి, రెండు పేర్లూ ఒకటిగా ఉన్నాయో లేవో ఒకసారి చూసుకుని రండి.